గిద్దలూరులో పడితే మార్కాపురంలో వినపడదు

"ఈ ప్రోగ్రాం రాసిందెవరు?" అని అడిగినప్పుడు సార్ "నేనే" అని ఎందుకన్నారు?

ఇరవై ఏళ్ళకు పైగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. మళ్ళీ అడగడానికి ఇంకా సమయముందిలే అనుకుంటూ వచ్చాను. పోయిన నెల ఒక మంగళవారం క్లాసులో ఉండగా ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి వరండాలోకి వచ్చి ఎత్తాను. సార్ భార్య. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళమూ పనిచేసినవాళ్ళమూ అందరం ఆమెను అక్కా అనే పిలుస్తాం.

"మీ సార్ పోయినాడమ్మా" అంది. "టీ అడిగినాడు. పెట్టుకొని వచ్చేలోపల పోయినాడు. గ్లాసు ఇంకా వేడిగానే ఉంది."

మళ్ళీ క్లాసులోకి వెళ్ళి మిగిలిన పాఠం చెప్పేశాను. ఏడుపు రాలేదు. వచ్చింది కోపం. ఎవరి మీదో తెలియని కోపం. ఈ నాలుగు మాటలు ఆ కోపంతోనే రాస్తున్నాను, చదివేవాళ్ళు మన్నించనక్కర్లేదు.

నాకు సార్ పరిచయమయ్యేనాటికి నేను ఎం.సి.ఏ. పూర్తి చేసి, మార్కాపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబులో చేరిన కొత్త పిల్లని. సార్ ల్యాబుకు పెద్ద. ఆ కాలేజీకి గిద్దలూరు, కనిగిరి, దర్శిలలో కూడా శాఖలుండేవి. ల్యాబులో బోర్డు లేదు. సార్ చేతిలో ఎప్పుడూ చెక్క చట్రం బిగించిన ఒక పలక ఉండేది, చొక్కా జేబులో బలపం, ప్యాంటు జేబులో తడి గుడ్డ. మార్కాపురం పలకలకు పేరున్న ఊరు. "మన ఊర్లో పలకలకేం కరువు, బోర్డు కోసం అర్జీ పెట్టేదెందుకు?" అనేవారు. ఆ తడి గుడ్డ వల్ల ఆయన ప్యాంటు కుడి జేబు కింద ఎప్పుడూ ఒక మరక. అక్క దాని గురించి ఆయనతో జీవితమంతా పోట్లాడింది, ఎప్పుడూ గెలవలేదు.

ఇంకో అలవాటు. "అయిందా?" అని ఆయన ఎవరినీ అడగరు. "ఎట్ల అయింది?" అని అడుగుతారు. భోంచేశానంటే ఏం తిన్నావంటారు. బస్సు దొరికిందంటే సీటు దొరికిందా అంటారు. జవాబు వచ్చేదాకా కదలరు. మొదట్లో నాకు విసుగు. ఈ మనిషికి వేరే పని లేదా అనుకునేదాన్ని. ఆ 'ఎట్ల' విలువ తెలియడానికి నేను ఒక పెద్ద తప్పు చేయాల్సి వచ్చింది.

ఆ తప్పు సంగతి చెప్తాను. చెప్పడానికే కూర్చున్నాను.

మొదటి సంవత్సరం పిల్లలకు లెక్కల పరీక్ష పెట్టారు. రెండో సంవత్సరంలో ఎవరు ఏ సెక్షన్‌లో కూర్చోవాలో ఆ మార్కులే తేలుస్తాయి. నాలుగు ఊళ్ళ నుంచీ మార్కులు ఫ్లాపీల్లో వచ్చాయి. అన్నీ కలిపి, ఇంటికి పంపే కార్డులు అచ్చు వేసే ప్రోగ్రాం రాయమని సార్ నాకిచ్చారు. నేను కొత్తగా నేర్చుకున్న విద్య చూపించుకోవాలనుకున్నాను. ఒక్కో ఊరి పనికి ఒక్కో థ్రెడ్ పెట్టాను. థ్రెడ్ అంటే తెలియనివారికి: ఒకే ప్రోగ్రాం నలుగురు మనుషుల్ని నాలుగు పనుల మీద ఒకేసారి పంపడం లాంటిది. పనిలో అనుకోనిది ఎదురైతే వాళ్ళు ఆ పని అక్కడే వదిలేసి, ఇదీ సంగతని ఒక కబురు పైకి విసురుతారు. దాన్ని ఎక్సెప్షన్ అంటారు. పైన ఎవరో ఒకరు దాన్ని పట్టుకోవాలి. పట్టుకునే ఏర్పాటు నేనూ చేశాను. కాకపోతే పంపే చోట చేశాను, పని జరిగే చోట కాదు.

మూడు ఊళ్ళ గుమాస్తాలు అర మార్కులను పక్క అంకెకు సర్దేసి పంపారు. గిద్దలూరులో లెక్కలు చెప్పే పెద్దాయన ఒప్పుకోలేదట. "పిల్ల రాసుకున్న అర మార్కు పిల్లదే, సర్దడానికి మనమెవరం?" అని ముప్పై ఆరున్నరను ముప్పై ఆరున్నరగానే ఎక్కించారు. నా ప్రోగ్రాంకు పూర్తి అంకెలు తప్ప వేరేవి చదవడం రాదు. గిద్దలూరు థ్రెడ్ ఆ అర మార్కు దగ్గర కబురు విసిరి చచ్చిపోయింది. మిగతా మూడూ పని పూర్తి చేసుకుని వచ్చాయి. నలుగురూ ఆగేదాకా చూడమని రాశాను కాబట్టి ప్రోగ్రాం చూసింది. చచ్చిన థ్రెడ్ కూడా ఆగిన థ్రెడ్డే. నాలుగూ ఆగాయి కాబట్టి కింద 'పూర్తయింది' అని పడింది.

అప్పుడు మధ్యాహ్నం మూడు. కరెంటు పోయి, బ్యాటరీ పెట్టె కీచుకీచుమంటోంది. అది అట్లా అరిచే సమయంలో మా ల్యాబులో అందరికీ ఒకటే అలవాటు: చివరి వరుస ఒక్కటి చూసి, తెర మీది విండో మూసి, కంప్యూటర్ ఆపేయడం. నేనూ అదే చేశాను. ఆ నల్ల తెర మీద 'పూర్తయింది'కి పైన ఏవో ఇంగ్లీషు వరుసలు జారిపోవడం చూశానా, చూడలేదా? చూడలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. చూశాననే నా అనుమానం.

మార్కు చదివేదాకా నా ప్రోగ్రాం అందరి పేరు పక్కనా సున్నా పెట్టి ఉంచుతుంది. అందుకే అర మార్కు అమ్మాయి నుంచి పట్టికలో ఆమె తర్వాత ఉన్న చివరి అమ్మాయి దాకా పందొమ్మిది మందికి లెక్కల్లో సున్నా పడింది. కార్డులు అచ్చయ్యాయి. పోస్టులో వెళ్ళిపోయాయి.

నాలుగు రోజులకు గిద్దలూరు నుంచి ఆ లెక్కల పెద్దాయన ఫోన్ చేసి అరిచారు. అప్పుడు కరస్పాండెంట్, అంటే కాలేజీ యజమాని, మమ్మల్ని గదిలోకి పిలిపించాడు. సార్ ముందు, నేను వెనక, నా చేతిలో కాగితాల కట్ట.

"ఏంది సార్ ఇది? ఈ ప్రోగ్రాం రాసిందెవరు?"

"నేనే."

"మీరేనా? ఇంత సర్వీసుండి?"

"నేనే సార్. పరీక్షించకుండా పంపినా."

నేను నోరు తెరిచాను. సార్ వెనక్కి తిరగకుండానే ఎడమ చెయ్యి కొంచెం ఎత్తారు, ఆగమన్నట్టు. నేను ఆగాను. నా జీవితంలో నేను సిగ్గుపడే క్షణం అదే. ఆ చెయ్యి ఏమంత బరువైనది కాదు. తోసుకుని మాట్లాడి ఉండొచ్చు.

బయటికి వచ్చాక ల్యాబులో కూర్చోబెట్టి పలక తీశారు. తిడతారనుకున్నాను. పాఠం చెప్పారు. పక్కపక్కన నాలుగు మెట్ల వరుసలు గీశారు.

"చూడు పాపా. ఎవరి మెట్లు వాళ్ళవి. గిద్దలూరు మెట్ల మీద జారినోడు గిద్దలూరు మెట్ల మీదనే దొర్లుకుంటా కిందికి పోతాడు. నువ్వు మార్కాపురం మెట్ల కింద దుప్పటి పట్టుకొని నిలబడితే దాంట్లో పడతాడా?"

"పడడు సార్."

"నలుగురూ ఆగినారా అని అడిగినావు. ఎట్ల ఆగినారని అడిగినావా?"

"లేదు సార్."

"పడినోడు తన తప్పును మూట కట్టుకొని పెట్టుకోవాల. పంపినోడు పోయి, ఒక్కొక్కడి మూటా విప్పి చూసుకోవాల. విప్పకపోతే మూట ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే." పలక తుడిచేసి, "పట్టుకునేది వేరు, మింగేది వేరు. తప్పును మింగి ఏం కానట్టు కూర్చునేటోడు తప్పు చేసినోడికంటే అన్యాయం" అన్నారు.

"మరి నా పేరెందుకు చెప్పలేదు సార్?"

"నిన్ను పనికి పంపింది నేను. ఈ పాఠం ముందే చెప్పకుండా పంపినా. కబురు నా దగ్గరికే రావాల. నువ్వు నోరెత్తొద్దు, అంతే."

ఆ రోజు అది నాకు జవాబులాగే అనిపించింది. ఏళ్ళు గడిచేకొద్దీ అనిపించడం మానేసింది.

సార్ మరునాడు సరిచేసిన కార్డులు పట్టుకుని గిద్దలూరు రైలెక్కారు. పందొమ్మిది ఇళ్ళకూ స్వయంగా వెళ్ళారు. పోస్టులో పంపొచ్చు కదా అన్నారు కాలేజీలో. "పోయిందా అని కాదు, ఎట్ల చేరిందని చూడాల" అన్నారట. పద్దెనిమిది మంది తిరిగి కాలేజీకి వచ్చారు. ఒక్క అమ్మాయి రాలేదు. వాళ్ళ నాన్నది టైలరింగ్ దుకాణం. సున్నా కార్డు చూసి, పరీక్ష బాగా రాశాను నాన్నా అని ఆ పిల్ల ఎంత మొత్తుకున్నా, "కంప్యూటర్ చెప్పింది తప్పయితదా?" అని ఆయన చదువు మాన్పించి ఆమెను కుట్టు మిషను ముందు కూర్చోబెట్టాడు. సరైన కార్డు చూశాక పాపం ఆయనే కాలేజీకి పొమ్మని బతిమాలాడు. పిల్ల ససేమిరా అంది. అప్పుడామె అన్న మాటను సార్ నాకు తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పారు: "నా మాటకు లేని విలువ కాగితానికుంటే, ఆ కాగితాన్నే చదివించుకోండి."

చెప్పేటప్పుడు ఆయన ముఖంలో బాధతోపాటు ఇంకేదో ఉంది. మెచ్చుకోలు కావచ్చు.

నెల తిరక్కుండా ఆయన్ని మానేయమన్నారు. ఆ తర్వాత పలకల దుకాణం పై గదిలో నాలుగు పాత కంప్యూటర్లు పెట్టుకుని పాఠాలు చెప్పుకున్నారు. ఊళ్ళో ఆయనకు 'సున్నాల సారు' అని పేరు పడింది. పిల్లలు మేడమెట్లెక్కుతూ "సున్నాల సారున్నాడా?" అని అడిగితే, "ఉన్నా రా, పైకి రా, ఒకటి పక్కన పెడితే పదవుతది" అనేవారు. నవ్వేవారు. నేను నవ్వలేదు. నాకు మంచి సిఫారసు ఉత్తరం రాసిచ్చి గుంటూరు వైపు ఉద్యోగానికి పంపింది కూడా ఆయనే. ఇప్పుడు నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇదే పాఠం చెప్తున్నాను. భాషలు మారాయి. ఇప్పుడు పడిన థ్రెడ్ మూటను భాషే కట్టి పెడుతుంది, ఫలితం ఏదని మనం అడిగినప్పుడు మన ముఖాన విసురుతుంది. అడగకపోతే ఇప్పటికీ చప్పుడుండదు. ఒక్క థ్రెడ్ పడితే మొత్తం ప్రోగ్రాంనే కూలదోసే భాషలూ ఉన్నాయి. ఏది మేలని పిల్లలు అడుగుతారు. ఆ రోజు మొత్తం కూలిపోయి ఉంటే ఒక్క కార్డు కూడా ఇల్లు చేరేది కాదు కదా అని నాలో నేను అనుకుంటాను. పైకి మాత్రం సందర్భాన్ని బట్టి అని చెప్తాను.

సార్ పోయిన మరునాడు వాళ్ళింటికి వెళ్ళాను. గూట్లో పలక, దాని మీద మడిచిన తడి గుడ్డ, ఎండి అట్టలాగా. అక్క నన్ను పట్టుకుని ఏడ్చి, కాసేపటికి కళ్ళు తుడుచుకుంది.

"రెండో శనివారం వస్తాంది. గిద్దలూరుకు ఎవరు పోతారిప్పుడు?" అంది.

"గిద్దలూరుకా? ఎందుకక్కా?"

"నీకు తెలీదా? నెలనెలా రెండో శనివారం పొద్దున బండికి పోతాడు గదా, ఆ టైలరింగ్ పిల్ల కాడికి. జ్వరమొచ్చినా పోతాడు. నేను అరిచి అరిచి ఊరుకున్నా."

నాకు తెలియదు. నెలకోసారి ఫోన్ చేసినా ఏనాడూ ఆ మాట రానివ్వలేదు. "మీ సార్‌కు నీ మీద ఒక్క మాట పడనిచ్చే గుణం లేదమ్మా" అంది అక్క. అంటే ఆ ప్రోగ్రాం నాదని ఆమెకు తెలుసు. ఇన్నాళ్ళూ ఆమె నాకు అన్నం పెట్టిన ప్రతిసారీ తెలుసు.

పదకొండో రోజు మార్కాపురంలో ఆ పాత కాలేజీలోనే సంతాప సభ పెట్టారు. బయటికి పంపినవాళ్ళే దండ వేశారు. కరస్పాండెంట్ ఇప్పుడు ముసలాయన. మైకు పట్టుకుని, "చిన్న పొరపాటు జరిగినా మేం పెద్ద మనసుతో చూసినాం. ఆయన సొంత కారణాలతోనే మానుకున్నాడు" అన్నాడు. జనంలో ఎవరో "సున్నాల సారు గదా" అని పక్కవాళ్ళకు గుర్తు చేస్తున్నారు.

నేను లేచాను.

"ఆ ప్రోగ్రాం రాసింది సార్ కాదు. నేను."

"అమ్మా, ఇది సంతాప సభ..."

"అందుకే చెప్తున్నాను సార్. సున్నాలు నావి. మీరు ఇంకెవరినో మానిపించారు."

"ఇప్పుడెందుకమ్మా అయ్యన్నీ? పోయినాయనకు శాంతి ఉండాల గదా."

"శాంతి ఆయన అడగలేదు. ఆయన ఎప్పుడూ ఎట్ల అని అడిగేవారు. ఎట్ల మానుకున్నారో మీరు చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను. సున్నాల సారు అనాలనుంటే ఈ పూట నుంచి నన్ను అనండి."

సభ చెదిరిపోయింది. పాడు చేశావని కొందరు, ఇరవై ఏళ్ళ తర్వాత ఈ ధైర్యమేందని కొందరు అన్నారు. రెండో మాట నిజమే. అయినా లేచినందుకు పశ్చాత్తాపం లేదు. నా మాట మాత్రం వెనక్కి తీసుకోను.

తర్వాత వచ్చిన రెండో శనివారం నేను గిద్దలూరు బండెక్కాను. దుకాణం ఇప్పుడు ఆ అమ్మాయిదే. నలభైకి దగ్గరపడిన మనిషి, మెడలో టేపు, చెవి వెనక సుద్ద ముక్క, లోపల ముగ్గురు ఆడవాళ్ళు మిషన్లు తొక్కుతున్నారు. గుమ్మం ముందు ఒక చెక్క బల్ల.

"సార్ ఇక్కడే కూర్చునేవాడు" అంది. పోయిన సంగతి ఆమెకు తెలుసు. "ఒకటే ప్రశ్న అక్కా. 'మళ్ళీ చదువుతావామ్మా?' 'లేదు సార్.' 'ఎందుకు?' 'రోషం సార్.' 'ఇంకా ఉందా?' 'ఉంది సార్.' 'సరే, వచ్చే నెల మళ్ళీ అడుగుతా.' ఆయన అడిగేది మానలే, నేను లేదనేది మానలే." నవ్వింది. "ఆఖరిసారి వచ్చినప్పుడు ఊ అందామనుకున్నా. ఊరికే, ఆయన ముఖం ఎట్ల పెడతాడో చూద్దామని. సర్లే, వచ్చే నెల చూద్దామనుకున్నా."

అప్పుడు చెప్పాను. ఆ ప్రోగ్రాం ఆయనది కాదని, నాదని.

ఆమె చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగింది.

"ఆయనకు తెలుసా, నువ్వని?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలే?"

"నన్ను కాపాడడానికేమో."

"నిన్ను కాపాడినాడు, సరే. నేనేం చేసినా?" కత్తెర కింద పెట్టింది. "ఫస్టు రెండేండ్లు ఆయనకు మంచినీళ్ళు గూడా ఇయ్యలే అక్కా. నీడలోకి రమ్మనలే. ఆ బల్ల మీదికి పదకొండింటికల్లా ఎండొస్తది. ఆ ఎండలోనే కూర్చోనిచ్చినా. కూర్చున్నాడు." గొంతు తగ్గించింది. "ఆయన కూర్చున్న ఎండ నీది."

అవునన్నాను.

ఆమె మళ్ళీ గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టింది. కాసేపటికి తల ఎత్తకుండా, "పోతావా, కూర్చుంటావా?" అంది.

"కూర్చుంటా."

"ఆడ ఎండ."

"తెలుసు."

పట్టుకునేది వేరు, మింగేది వేరు అన్న మనిషి ఆ రోజు నా తప్పును పట్టుకున్నారా, మింగారా? పంపినవాడిగా తన దగ్గరికి వచ్చిన కబురును అందుకున్నారంటే పట్టుకున్నట్టే. కానీ ఆ కబురు చేరాల్సిన మనిషి గిద్దలూరులో వేరే మనిషి మీద కోపం పెట్టుకుని బతికింది. నేను అడగాల్సిన క్షమాపణను నెలనెలా ఇంకొకరు అడిగి వచ్చారు. ఆ చెయ్యి ఎత్తి ఉండకపోతే నేను మాట్లాడేదాన్నా? ఈ పాఠాన్ని ఏటా చెప్తాను, ఏటా ఇక్కడికొచ్చి ఆగుతాను. ఆయన నాకు చేసింది మేలో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

పదకొండయింది. ఎండ బల్ల సగం దాకా వచ్చింది. లోపల మిషన్లు ఆడుతున్నాయి. నేను జరగలేదు.